మిల్ సర్టిఫికెట్‌ను 3.5తో భాగిస్తే డిజైన్ అయిపోదు

కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షెడ్లలోనూ, వాళ్లకు డ్రాయింగులు గీసిచ్చే ఆఫీసుల్లోనూ ఒక మాట వేదవాక్కులా చెలామణి అవుతోంది. ప్రెషర్ వెసెల్‌కు తెచ్చిన పైపు కోడ్ పట్టికలో లేదనుకోండి, ఏం చేయాలని అడిగితే వచ్చే జవాబు ఇది: "సర్టిఫికెట్ల టెన్సైల్ రాసి ఉన్నది గదా సార్, 3.5తోని భాగిస్తే అలవబుల్ స్ట్రెస్ వస్తది. ఇంకేం గావాలె?" కుర్ర ఇంజినీర్లు దీన్ని సీనియర్ల నోటి నుంచి నేర్చుకుంటున్నారు. సీనియర్లు ఎక్కడ నేర్చుకున్నారో అడిగేవారు లేరు.

ఈ మాట తప్పు. లెక్కలో కాదు, పునాదిలోనే తప్పు. పైగా ఆ తప్పు పక్కన రోజూ నిలబడి పనిచేసేది లెక్క వేసినవాడు కాదు, ఫైర్‌మన్, ఫిట్టర్, హమాలీ. అందుకే దీన్ని మర్యాదకు వదిలేయడం నాకు ఇష్టం లేదు.

అలవబుల్ స్ట్రెస్ అంటే పైపు గోడలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద ఎంత లాగుడు పడనివ్వవచ్చని మనం ఒప్పుకుంటామో ఆ అంకె. మెగాపాస్కల్లలో చెబుతాం. 3.5 అనే విభాజకం అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం, అంటే ఏఎస్ఎంఈ, ప్రెషర్ వెసెల్ కోడ్‌లోని సెక్షన్ 8, డివిజన్ 1 ది. మన దగ్గర బాయిలర్లకు, వాటి స్టీమ్ పైపులకు 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్లు ఉన్నాయి, వాటికి తమ సొంత విభాజకాలు ఉన్నాయి. బాయిలర్ కాని వెసెళ్లకు 1969 నాటి ఐఎస్ 2825 ఉంది. అయినా డిజైన్ ఆఫీసుల్లో చేతికి ముందు అందేది ఏఎస్ఎంఈ పుస్తకమే కాబట్టి దాని మీదే మాట్లాడతాను.

ఎస్ఏ-106 గ్రేడ్ బి అనే సీమ్‌లెస్ పైపును తీసుకుందాం. ఈ జిల్లాల్లో ప్రతి స్టోర్స్‌లోనూ ఉండే పైపే. దానికి కనీస టెన్సైల్, అంటే తెగే ముందు మోసే బలం, 415 మెగాపాస్కల్. కనీస యీల్డ్, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం, 240. డివిజన్ 1లో గది ఉష్ణోగ్రత దగ్గర దీని అలవబుల్ స్ట్రెస్ 118. అదే పైపును ప్రాసెస్ పైపింగ్ కోడ్ బి31.3 కింద వాడితే 138. డివిజన్ 2లోకి తీసుకెళ్తే 160 దగ్గరికి వస్తుంది. కాలంలో వెనక్కి వెళ్లినా ఇదే కథ. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం-బి స్టేషన్ మొదలైన నాటికి ఏఎస్ఎంఈ విభాజకం 4, అంటే ఈ ఉక్కుకు 103 మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అది 5. 3.5కు దిగింది 1999లో.

ఉక్కు మారలేదు. అంకె మారింది. ఎందుకు మారిందో తెలుసుకోకుండా ఆ అంకెను ముట్టుకునే హక్కు డిజైనర్‌కు లేదు. విభాజకం తగ్గిన ప్రతిసారీ దానికి బదులుగా ఏదో ఒకటి కట్టుదిట్టమైంది. ఉక్కు తయారీ శుభ్రపడింది, చలికి పెళుసుబారకుండా టఫ్‌నెస్ నియమాలు వచ్చాయి, వెల్డ్ పరీక్షలు మెరుగయ్యాయి. డివిజన్ 2 అంత ఉదారంగా 2.4 విభాజకం ఇస్తోందంటే, దానికి బదులు వివరమైన విశ్లేషణ, ఫెటీగ్ (అలసట) లెక్క, ఎక్కువ పరీక్షలు అడుగుతోంది. అలవబుల్ స్ట్రెస్ ఉక్కు పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు. ఫలానా షరతులన్నీ పాటిస్తే ఇంత మోయనిస్తాం అని కోడ్ చేసుకున్న ఒప్పందం. షరతులు వదిలేసి అంకెను మాత్రం జేబులో వేసుకుపోవడమే మన దగ్గర జరుగుతున్నది.

సర్టిఫికెట్ వాదానికి వద్దాం. ఒక సర్టిఫికెట్‌ను దగ్గరగా చూడండి. స్పెసిఫికేషన్ గడిలో డీఐఎన్ 17175, ఎస్‌టీ 35.8. పాత జర్మన్ బాయిలర్ ట్యూబు. హీట్ నంబర్, అంటే ఏ కొలిమి పోతదో చెప్పే సంఖ్య, ఉంది, కెమిస్ట్రీ ఉంది, టెన్సైల్ గడిలో 448 ఉంది. 448ని 3.5తో భాగిస్తే 128. "చూడుర్రి, ఎస్ఏ-106 కన్నా ఎక్కువొచ్చింది" అని సంతోషం. కానీ ఆ స్పెసిఫికేషన్ హామీ ఇచ్చేది 448 కాదు, 360 మాత్రమే. 448 అనేది ఆ హీట్‌లో ఒక ముక్క కోసి లాగితే వచ్చిన ఫలితం. అదే లాట్‌లో ఇంకో పైపు 375 దగ్గర ఉన్నా మిల్లు మాట తప్పినట్టు కాదు. కోడ్ ఎప్పుడూ స్పెసిఫికేషన్ కనీసం మీదే లెక్క కడుతుంది. 360ని భాగిస్తే 103. అంటే 128 రాసుకున్న డిజైనర్ తనకు ఎవరూ ఇవ్వని బలాన్ని దాదాపు పాతిక శాతం కలుపుకున్నాడు. వేరే స్పెసిఫికేషన్ పైపు ఏదైనా ఎలక్ట్రిక్ రెసిస్టెన్స్ వెల్డింగ్‌తో చేసినదైతే ఇంకో 15 శాతం కోత పడుతుంది. ఎస్ఏ-53లో సీమ్‌లెస్‌కు 118 ఉంటే ఈఆర్‌డబ్ల్యూకు 100 చిల్లర. సర్టిఫికెట్ టెన్సైల్ గడిలో అతుకు గురించి ఒక్క ముక్కా ఉండదు. ఆపైన పైపు గోడ మందం చెప్పినదానికన్నా 12.5 శాతం తక్కువ ఉండటానికి స్పెసిఫికేషన్లే సాధారణంగా అనుమతిస్తాయి. ఇన్ని కోతలు పడేచోట ఉన్నదానికన్నా ఎక్కువ రాసుకుని మొదలుపెడుతున్నారు.

అసలు మూలం ఇంకొకటి ఉంది. ఈ భాగాహారం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. బి31.3లో పట్టికలో లేని మెటీరియల్‌ను వాడుకోవడానికి దారి ఉంది. అచ్చయిన స్పెసిఫికేషన్ ఉండి, అది కెమిస్ట్రీ, బలం, తయారీ విధానం, హీట్ ట్రీట్‌మెంట్, నాణ్యత నియంత్రణ అన్నిటినీ చెబితే, ఆ కోడ్ సూత్రాలతోనే డిజైనర్ అలవబుల్ స్ట్రెస్ తేల్చుకోవచ్చు. ఆ దారి పైపింగ్‌ది. సెక్షన్ 8 డివిజన్ 1లో అలాంటి దారి లేదు. వెసెల్‌లో ప్రెషర్ మోసే మెటీరియల్ పట్టికలో ఉన్న స్పెసిఫికేషన్‌కు చెందాలని అందులోని యూజీ-4 పేరా సూటిగా చెబుతుంది. తేడా వస్తే యూజీ-10 ఉంది: పరీక్షలు చేసి, పట్టికలోని ఒక స్పెసిఫికేషన్ అడిగినవన్నీ ఈ పైపు తీరుస్తుందని నిరూపించి, ఆ పేరుతో మళ్లీ సర్టిఫై చేయించాలి. యూజీ-15 ఉంది: అదే గ్రేడ్ ప్లేటుగానో రాడ్డుగానో పట్టికలో ఉండి పైపుగా లేకపోతే ఏం చేయాలో చెబుతుంది. ఈ రెండు దారుల్లోనూ చివరికి వాడేది పట్టికలోని విలువే. డిజైనర్ భాగాహారం చేసే చోటు ఎక్కడా లేదు. అయినా పైపు అనే మాట కనబడగానే పైపింగ్ కోడ్ అనుమతిని వెసెల్ షెల్ మీదికి, నాజిల్ మీదికి లాక్కొస్తున్నారు. వెసెల్‌కు షెల్‌గా వాడిన క్షణం నుంచి ఆ పైపు వెసెలే.

బి31.3 కింద చేసినా అది ఒక్క భాగాహారం కాదు. గది ఉష్ణోగ్రత టెన్సైల్‌లో మూడో వంతు, పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర టెన్సైల్‌లో మూడో వంతు, యీల్డ్‌లో మూడింట రెండు వంతులు మళ్లీ రెండు ఉష్ణోగ్రతల దగ్గరా, ఆపైన క్రీప్ విలువలు. వీటన్నిటిలో ఏది తక్కువైతే అది. వేడిలో ఉక్కు బలం ఎలా తగ్గుతుందో చెప్పే వక్రరేఖ ఒక్క హీట్‌తో రాదు. కొత్త మెటీరియల్‌ను కోడ్‌లో చేర్చాలంటే కనీసం మూడు హీట్ల డేటా అడగడం అందుకే. సర్టిఫికెట్‌లో ఉన్నది చల్లటి ముక్కను లాగిన ఫలితం.

వేడి ఎంత చేస్తుందో మళ్లీ ఎస్ఏ-106నే చూడండి. గది ఉష్ణోగ్రతలో 118. 427 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 74. 482 దగ్గర 41కి పడిపోతుంది. మూడో వంతుకన్నా కాస్త ఎక్కువ, అంతే. అక్కడ రాజ్యమేలేది టెన్సైల్ కాదు, క్రీప్. బరువు మారకపోయినా ఏళ్ల తరబడి వేడిలో మెల్లగా సాగి చివరికి చీలే గుణం. దాన్ని లక్ష గంటలకు, అంటే పదకొండేళ్లకు పైబడిన కాలానికి లెక్కిస్తారు. ఆ అంకె ఏ మిల్ సర్టిఫికెట్‌లోనూ ఉండదు, ఉండే వీలూ లేదు.

ఎన్టీపీసీ రామగుండంలో 2,600 మెగావాట్ల పాత స్టేషన్ పక్కన ఇప్పుడు 800 మెగావాట్ల అల్ట్రా సూపర్‌క్రిటికల్ యూనిట్లు రెండు నిలబడ్డాయి. అంతటి వేడి ఆవిరిని మోసే లైన్లకు ప్రపంచమంతా నమ్ముకున్న ఉక్కుల్లో గ్రేడ్ 91 ఒకటి. 1970లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది, 1983లో కోడ్‌లోకి వచ్చింది. తర్వాత ముప్పై ఆరేళ్లకు, దేశదేశాల నుంచి దీర్ఘకాల పరీక్షల ఫలితాలు పోగయ్యాక, 2019 సంచికలో దాని అలవబుల్ స్ట్రెస్ విలువలను తగ్గించారు. పట్టికలో ఉన్న ఉక్కు, వందల పరీక్షలు దాటిన ఉక్కు. దాని విషయంలోనే కమిటీ తన అంకెను వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందంటే, ఒక్క సర్టిఫికెట్‌తో తేల్చేస్తానన్నవాడి ధైర్యానికి ఆధారం ఏమిటి?

"హైడ్రో టెస్ట్‌కు ఆగింది గదా" అనేది ఇంకో వాదన. చల్లటి నీళ్లతో, డిజైన్ ప్రెషర్‌కు 1.3 రెట్లతో, కాసేపు. లీకు ఉంటే పట్టుబడుతుంది, ఘోరమైన పొరపాటు ఉంటే పట్టుబడుతుంది. క్రీప్, అలసట, వెల్డ్ పక్కన మెల్లగా పెరిగే పగులు ఆ పరీక్షకు అందవు. అమెరికాలో నెవాడా రాష్ట్రపు మొహావే స్టేషన్‌లో 1985 జూన్‌లో హాట్ రీహీట్ పైపు నిలువు అతుకు వెంట చీలి ఆరుగురు చనిపోయారు. ఏళ్ల తరబడి నడుస్తున్న లైనే అది.

బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా అడగాలి. గనుల ప్రాంతంలో హైడ్రాలిక్ సిలిండర్లకు వాడే కోల్డ్ డ్రాన్ ట్యూబులు దొరుకుతాయి. గోడ నున్నగా, మందంగా ఉంటుంది, చూడగానే ముచ్చటేస్తుంది. ఈ355 రకం ఉక్కును చల్లగా లాగిన స్థితిలో కనీస టెన్సైల్ 640. అదే ఉక్కును నార్మలైజ్ చేస్తే 490. ఆ 150 తేడా లోహానిది కాదు, లాగినప్పుడు ఎక్కిన బిగువు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బిగువు సడలిపోతుంది. 640ని 3.5తో భాగించి 183 రాసుకున్నవాడు నాజిల్ వెల్డ్ చేసిన క్షణంలోనే తన అంకెను తానే కాల్చేసుకున్నాడు.

అవతలి వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయను. రైస్‌మిల్లు వాళ్లు అడిగేది అది. సుల్తానాబాద్, జమ్మికుంట, పెద్దపల్లి దారిలో ఉప్పుడు బియ్యం మిల్లులు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. వడ్లు నానబెట్టి ఉడికించాలి కాబట్టి ప్రతి మిల్లుకూ బాయిలర్, దాని నుంచి స్టీమ్ హెడ్డర్. ఆ హెడ్డర్‌ను దగ్గర్లోని షెడ్లో చేయించుకుంటారు: 200 ఎన్‌బీ పైపు ముక్క, రెండు చివరలా గుండ్రటి ప్లేట్లు, పైన నాలుగైదు బొక్కలు కోసి వాల్వులకు స్టబ్బులు. పది కిలోల ప్రెషర్. వాళ్లంటారు: "గోడ 6.3 మిల్లీమీటర్లు ఉన్నది. మీ కోడ్ లెక్కన ఎంత గావాలె?"

లెక్క చేద్దాం. కనీస టెన్సైల్ 330 ఉన్న ఈఆర్‌డబ్ల్యూ పైపు అనుకుందాం. 3.5తో భాగించి, అతుకు కోత కలిపితే 80. బయటి వ్యాసం 219 మిల్లీమీటర్లు, ప్రెషర్ ఒక మెగాపాస్కల్. కావాల్సిన మందం 1.4 మిల్లీమీటర్లు. ఉన్నది 6.3. మిల్లు యజమాని మాట నిజమే. అలవబుల్ స్ట్రెస్ 80 కాదు, 40 అన్నా ఈ గోడ నిలబడుతుంది.

కానీ ఈ లెక్క వాళ్ల వాదనను నిలబెట్టదు. ప్రమాదం ఇంకెక్కడుందో అది చూపిస్తుంది. అదే హెడ్డర్ చివర చదునైన ప్లేటును అదే ఏఎస్ఎంఈ కోడ్‌తో లెక్కించండి. లోవ్యాసం 206, ప్లేటుకు అలవబుల్ 117, మూల వెల్డుకు గుణకం 0.33. వచ్చే మందం దాదాపు 11 మిల్లీమీటర్లు, తుప్పుకు కలిపేది అదనం. పైపు గోడ 6.3 ఉంది కదా అని షెడ్లో కోసేది 6 లేదా 8 మిల్లీమీటర్ల ప్లేటు. వంపు ఉన్న గోడ ప్రెషర్‌ను లాగుడుగా మోస్తుంది, చదునైన ప్లేటు వంగి మోయాలి. ఆ వంగుడంతా చుట్టూ ఉన్న వెల్డు మీద పడుతుంది. మిల్లు పొద్దున వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ వెల్డు ఒకసారి తెరుచుకుని మూసుకున్నట్టే.

ఆ వెల్డు ఎలా ఉంటుందనేది పైపు కెమిస్ట్రీ మీద ఆధారపడి ఉంది. పట్టికలో లేని పైపు వేరు, ఊరూపేరూ లేని పైపు వేరు. మొదటిదానికి అచ్చయిన స్పెసిఫికేషన్ ఉంది, కార్బన్ ఎంత దాటదో తెలుసు. రెండోది ఏ మూతపడ్డ ప్లాంటు వేలంలోంచో స్క్రాప్ లారీలో వచ్చింది. బి31.3 కూడా తెలియని మెటీరియల్‌ను ప్రెషర్ మోసే చోట వాడొద్దని తెగేసి చెబుతుంది. లేబుల్ లేని సంచిలోంచి పత్తి గింజలు కొని ఆదిలాబాద్ రైతు ఎంత నష్టపోయాడో మనకు తెలుసు. మొలిచాక గానీ మోసం బయటపడదు. ఎక్కువ కార్బన్ ఉన్న పైపును మామూలు రాడ్డుతో, ముందు వేడి చేయకుండా అతికిస్తే వెల్డు పక్కన లోహం గట్టిపడి, కొన్ని గంటల తర్వాత వెంట్రుకంత పగులు పుడుతుంది. టెన్సైల్ ఎక్కువ ఉండటం ఇక్కడ మేలు కాదు, అనుమానించాల్సిన గుర్తు. ఎక్కువ బలం చాలాసార్లు ఎక్కువ కార్బన్ నుంచే వస్తుంది. సర్టిఫికెట్‌లో పెద్ద అంకె చూసి సంతోషించే అలవాటు మనల్ని సరిగ్గా ఈ గోతిలోకే తీసుకెళ్తుంది.

ఇంకో సంగతి యజమానులు మరిచిపోకూడదు. ఆవిరి ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు దాటితే, లేదా పైపు లోవ్యాసం 254 మిల్లీమీటర్లు దాటి ప్రెషర్ ఒక కిలో దాటితే, బాయిలర్ చట్టం దృష్టిలో అది స్టీమ్ పైపే. బాయిలర్ ఒక్కటే చట్టం కిందికి వస్తుంది, హెడ్డర్ మన సొంత వ్యవహారం అనుకోవడం కుదరదు.

"అయితే పట్టికలో లేనిది ముట్టుకోవద్దా? కొత్తది ఎలా వస్తుంది?" అని అడిగేవారికి రామగుండంలోనే జవాబు ఉంది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో ఆగిపోయిన బొగ్గు ఆధారిత ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు సహజవాయువుతో నడిచే ఆర్ఎఫ్‌సీఎల్ ఉంది. 2021లో ఉత్పత్తి మొదలైంది. గ్యాస్ ఆధారిత అమ్మోనియా ప్లాంటుకు గుండె ప్రైమరీ రిఫార్మర్. ఇలాంటి రిఫార్మర్లలో నిలువుగా నిలబడే క్యాటలిస్టు ట్యూబులను ప్రపంచవ్యాప్తంగా నికెల్, క్రోమియం ఎక్కువగా ఉండే మిశ్రమాలతో, అచ్చును గిర్రున తిప్పుతూ పోతపోసి చేస్తారు. ఆ కొత్త రకాల్లో చాలావాటికి వెసెల్ కోడ్ పట్టికలో చోటు లేదు. ట్యూబు గోడ 900 డిగ్రీల దరిదాపుల్లో ఏళ్ల తరబడి ఉండాలి.

అక్కడ ఎవరూ టెన్సైల్‌ను ఏ అంకెతోనూ భాగించరు. తయారీదారు తన మిశ్రమం మీద రకరకాల వేడిలో, రకరకాల బరువుల కింద వేల గంటలు నడిపిన రప్చర్ పరీక్షల ఫలితాలు ఇస్తాడు. వాటిలో సగటు కాదు, కింది అంచును తీసుకుంటారు. ఫర్నేస్ ట్యూబులకు ప్రత్యేకంగా ఉన్న ఏపీఐ 530 పద్ధతిలో లక్ష గంటల ఆయుష్షుకు మందం కడతారు. ఆ తర్వాత కూడా వదిలేయరు, షట్‌డౌన్ వచ్చినప్పుడల్లా ట్యూబు వ్యాసం ఎంత ఉబ్బిందో కొలుస్తారు. ఆయుష్షు తీరిందని లెక్క చెబితే పగలకముందే తీసేస్తారు. కోడ్ పట్టికలో లేని లోహాన్ని నిజాయితీగా వాడటం అంటే ఇది. డేటా ఉంది, పద్ధతి ఉంది, కాలపరిమితి ఉంది, నిఘా ఉంది.

ఖర్చు మాట. సరైన పైపు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకలేదు, ముంబయి నుంచి రావాలంటే మూడు వారాలు, సీజన్ ఆగదు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ యూజీ-10 అడిగేవి కెమికల్ పరీక్ష, టెన్సైల్ పరీక్ష, ఎవరు చేశారో బాధ్యత తీసుకునే సంతకం. ఒక ముక్క కోసి ల్యాబుకు పంపితే తేలే విషయానికి మూడు వారాలు పట్టదు. పరీక్షలో పైపు పట్టికలోని ఏదో ఒక గ్రేడ్‌కు సరిపోతే వాడుకోవచ్చు, సరిపోకపోతే దాని స్థానం పందిరి గుంజగా. అసలు పరీక్షకు పంపకపోవడానికి కారణం ఖర్చు కాదు. ఫలితం వస్తే పైపు వెనక్కి పంపాల్సి వస్తుందేమోనన్న భయం.

కాబట్టి డ్రాయింగు మీద సంతకం పెట్టే ఇంజినీర్ల నుంచి నేను కోరేది ఇది. లెక్క కాగితంలో అలవబుల్ స్ట్రెస్ రాసిన చోట, ఆ అంకె ఏ స్పెసిఫికేషన్, ఏ గ్రేడ్, ఏ ఉత్పత్తి రూపం, ఏ ఉష్ణోగ్రత, ఏ కోడ్ ఏ సంచిక నుంచి వచ్చిందో పక్కనే రాయండి. రాయలేకపోతే సంతకం పెట్టకండి. మిల్లు యజమానులు చేయాల్సింది కూడా ఉంది. వానాకాలం వడ్లు మార్కెట్‌కు రాకముందే హెడ్డర్‌కు కట్టిన ఇన్సులేషన్ విప్పించి, చివరి ప్లేట్ల మందం కొలిపించి, వాటి చుట్టూ వెల్డులను డై పెనెట్రెంట్‌తో చూపించండి. ప్లేటు పలుచగా ఉంటే దాన్ని తీసేసి వంపు తిరిగిన డిష్డ్ ఎండ్ వేయించండి, హెడ్డర్ పైపుకే ఊరూపేరూ లేకపోతే మొత్తం హెడ్డరే మార్చేయండి.